లండన్ దొరసానికి ఒంగోలు గుమాస్తా లేఖ

శ్రీమన్మహారాజశ్రీ రెండు గొట్టాల తుపాకి దొరసాని గారి సముఖానికి, ఒంగోలు పక్క పల్లె వాస్తవ్యుడు, తుపాకుల దుకాణంలో ఇరవై ఏళ్ళు లెక్కలు రాసి విరమించిన గుమాస్తా వినయపూర్వకంగా రాయునది.

మొన్న ఆదివారం కావలి దగ్గరి పల్లెలో, పాత మందసం మీద ఎర్ర శాలువా పరిపించుకుని తమరు పవళించి ఉండగా, బేరమాడదామని దర్శనానికి వచ్చినవాళ్ళం మేమిద్దరం. తమరిని చూడగానే చెప్పులు గుమ్మం బయటికి వెళ్ళి విడిచి వచ్చిన పెద్దాయన మా బాబాయి. పంట కాపాడుకోవడానికని ఇచ్చిన లైసెన్సు ఆయనకు ఉంది. ఆ పొలం రొయ్యల చెరువై చాలా కాలమైంది. అడవి పందులు రొయ్యల జోలికి రావన్న సంగతి లైసెన్సుకు ఇంకా తెలియదు.

తమరి యజమాని ముందుగా వంశచరిత్ర వినిపించాడు. అప్పటి కలెక్టరు దొర వెలిగొండల్లో చిరుతను కొట్టి, దారి చూపిన తాతగారి ధైర్యానికి మెచ్చి తమరిని బహూకరించాడట. మా వైపు ఇంగ్లీషు తుపాకి ఉన్న ప్రతి ఇంట్లోనూ ఒక చిరుత, ఒక దొర, ఒక మెచ్చుకోలు ఉంటాయి. నేను విన్న దానాలన్నీ నిజమైతే దొరలు ఉత్త చేతులతో ఓడ ఎక్కి ఉండాలి. తమరిని నడుము దగ్గర విరిచి, గొట్టాల కింద ఉన్న 12 అంకె చూపించి, అది ఆ దొర కొట్టిన చిరుతల లెక్క అని కూడా చెప్పాడు. పౌను సీసాన్ని పన్నెండు సమానమైన గుండ్లుగా పోస్తే అందులో ఒక గుండు పట్టేంత గొట్టం అని దాని అర్థం. పన్నెండు చిరుతల ముందు పౌను సీసం ఏపాటిది? నోరు మూసుకున్నాను.

మా నాన్న ఎద్దుల బేరాల్లో తల పండినవాడు. గిత్త మూపురం చూసి మురిసేవాళ్ళను పక్కకు జరిపి, ముందు నోరు తెరిచి పళ్ళు చూసేవాడు. ఆ తరువాత ఒళ్ళంతా తడిమి సుడులు వెతికేవాడు. కొమ్ములకు రంగు వేయవచ్చు గాని సుడిని దువ్వి మార్చలేరనేవాడు. ఆ విద్యే తమరి మీద ప్రయోగించాను. ముందరి చెక్క ఊడదీసి, గొట్టాలు విడదీసి, తిరగేశాను. క్షమించాలి, ఇక్కడి నుంచి 'తమరు' నా నోటికి రాదు. నీ సుడులు చూసేశాను.

పైన పట్టీ మీద సొగసైన అక్షరాల్లో లండన్ అని ఉంది. అడుగున, ఎవరూ చూడని చోట, ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టిన రెండు రాజదండాలు, వాటిపై కిరీటం, సందుల్లో బి, పి, సి అక్షరాలు. అది 1813లో పార్లమెంటు చట్టంతో ఏర్పడిన బర్మింగ్‌హామ్ తుపాకుల పరీక్షాశాల ముద్ర. అక్కడ పుట్టడం నామోషీ కాదు, మేలిరకం తుపాకులు ఎన్నో ఆ ఊరివే. నామోషీ నీకే. మొలగొలుకుల సంచిలో వేరే బియ్యం పోసి అమ్మే విద్య మన నెల్లూరు వ్యాపారులదే అనుకుని ఇన్నాళ్ళూ అనవసరంగా సిగ్గుపడ్డాను.

పక్కనే వజ్రాకారపు గడిలో 12, సి. అంటే 1887 తరువాతి దానివి. ఇప్పటి తూటాల్లో ఉండే పొగ రాని మందుకు పరీక్షించిన ముద్ర మాత్రం ఎక్కడా లేదు. నిన్ను పాతకాలపు నల్లటి తుపాకిమందుతోనే పరీక్షించి పంపారు. ఇదే చెప్పబోయి తొందరలో 'నల్లమందు' అన్నాను. మీ యజమాని ముఖం పాలిపోయింది. "మా ఇంట్లో ఆ అలవాటు ఎవరికీ లేదండీ" అన్నాడు.

అందానికి వంక పెట్టను. గొట్టాల మీద అలలు అలలుగా ఆ గీతలు! ఇనుమునూ ఉక్కునూ కలిపి మోకులా పేని, కడ్డీకి చుట్టి, కాల్చి కొట్టి అతికిన పని. డమాస్కస్ అంటారు. బాబాయి వాటి మీద వేలు రాస్తూ చాలాసేపు ఉండిపోయాడు. నా మాటలు ఆయన చెవికి ఎక్కకపోవడం అక్కడే మొదలైంది.

తరువాత కుండ పరీక్ష. సంతలో కుండను తట్టి చూడకుండా ఎవరు కొంటారు? గొట్టాల జంటను దారానికి వేలాడదీసి వేలి కణుపుతో తట్టాను. నడిమి పట్టీలు గట్టిగా అతుక్కుని ఉంటే గుడిగంటలా మోగాలి. నువ్వు 'డబ్' అన్నావు. టంకం వదిలింది. ఆ సందులో మన సముద్రపు గాలి ఎన్నేళ్ళుగా కాపురం ఉంటున్నదో. మళ్ళీ బిగించి, ముందరి చెక్క లేకుండా ఊపితే కీలు దగ్గర టకటక. నాన్న అయితే ఈ పాటికి కండువా దులుపుకుని లేచేవాడు.

"లోపల అద్దంలా ఉంది, చూడండి" అన్నాడు మీ యజమాని. నాకు భయం వేసింది అక్కడే. నూరేళ్ళు దాటిన గొట్టం అద్దంలా ఉందంటే, తుప్పు గుంటలు పోయేదాకా ఎవరో లోపల అరగదీశారన్న మాట. కొలత పెట్టాను. గోడ మందం అంగుళంలో వెయ్యోవంతులు ఇరవైకి తగ్గకూడదంటారు, అంటే సుమారు అర మిల్లీమీటరు. నీకు ఒకచోట అదీ లేదు. పెళ్ళి శుభలేఖ అట్ట అంత. పేల్చేవాడి ఎడమ చెయ్యి ఉండేది ఆ శుభలేఖ పక్కనే.

పైగా నీ తూటా గది 65 మిల్లీమీటర్లది. ఇప్పటి 70 మిల్లీమీటర్ల తూటా అందులో హాయిగా కూర్చుంటుంది, చిక్కంతా అదే. పండగకు వచ్చిన వియ్యంకుడిలాగా, లోపలికి వచ్చేటప్పుడు ఇబ్బంది ఏమీ ఉండదు. కాళ్ళు చాపినప్పుడు, అంటే పేలి తూటా మూతి విచ్చుకున్నప్పుడు, తెలుస్తుంది చోటు చాలదని.

ఇన్ని ఉన్నా నీ ధర దిగదు. 1980లలో విదేశీ తుపాకుల దిగుమతికి అడ్డుకట్ట పడ్డాక నీ జాతికి ముసలితనమే నగ అయింది. నీతో వేటాడదామంటే 1972 నాటి వన్యప్రాణి చట్టం ఊరుకోదు. పురాతన వస్తువని లైసెన్సు లేకుండా గోడకు తగిలిద్దామంటే, మరమ్మతు చేసినా పేలవని తేలాలి. మరమ్మతు చేస్తే పేలుతావు. ఎటు పేలుతావో చట్టం అడగదు. నిన్ను అమ్మదలచినవాడు 45 రోజుల ముందు అధికారులకు రాతపూర్వకంగా తెలపాలి. రిజిస్టరు పెళ్ళికి 30 రోజుల నోటీసు చాలు.

ఇదంతా బాబాయికి వివరంగా చెప్పాను. ఆయన ఓపికగా విని, మీ యజమాని వైపు తిరిగి, "గోడకు తగిలించే కొయ్య కూడా ఇస్తారా?" అన్నాడు. ఆ 45 రోజుల నోటీసు నిన్ననే ఇచ్చారు.

బయలుదేరబోతుంటే మీ యజమాని ఒక కాగితాల కట్ట తెచ్చాడు, నీ చరిత్రకు సాక్ష్యమని. దొర రాసిన యోగ్యతాపత్రం ఉంటుందేమోనని ఆశగా విప్పాను. ఎన్నికలు వచ్చినప్పుడల్లా నిన్ను పోలీసు స్టేషనులో అప్పగించి తెచ్చుకున్న రసీదులు. లండన్ లేదు, చిరుత లేదు. అన్నింటి మీదా ఒకటే వరుస: "పాత తుపాకి, రెండు గొట్టాలది, ఒకటి."