ఐదు రోజులు ఆగమంటున్న ఆ మెసేజ్‌కి నా జవాబు

"వైరస్‌కి మందే లేదు, మన ఇమ్యూనిటీయే మందు" అని మొదలయ్యే ఆ పొడవాటి మెసేజ్ ఈ వారం మళ్ళీ వచ్చింది, అదీ వేర్వేరు గ్రూపుల నుంచి, ప్రతిసారీ "తప్పక చదవండి" అనే తోకతో. పంపేవాళ్ళు మంచి మనుషులే, మేలు చేస్తున్నామనుకునే పంపుతున్నారు. అందుకే ఇన్నాళ్ళూ చూసి ఊరుకున్నాను. ఈసారి దాని కింద ఒకాయన "అమ్మకి నిన్నటి నుంచి జ్వరం, కాస్త ఆయాసం, ఇది చదివాక ఐదు రోజులు ఆగుదామనుకుంటున్నాం" అని రాశారు. దానికి నలుగురు దణ్ణం బొమ్మలు పెట్టారు. ఇక ఊరుకోవడం నా వల్ల కాలేదు.

చదవనివాళ్ళ కోసం అందులో ఏముందో చెప్తాను. వైరస్‌లకి మందు లేదట. జలుబుకే మందు కనిపెట్టలేనివాళ్ళు ఇంకేం కనిపెడతారట. జ్వరం వస్తే మొదటి ఐదు రోజులు డాక్టర్ దగ్గరికి వెళ్ళకుండా ఇమ్యూనిటీ పెంచుకోవాలట. ల్యాబ్‌లో 48 గంటల్లో వైరస్‌ని చంపేసిన చవక మందుని కావాలని తొక్కేశారట. యాంటీబాడీలు ఆరు నెలల్లో పోతాయి కాబట్టి టీకాలు దండగట. ముందే యాంటీబయాటిక్ వేసుకుంటే వైరస్ దరిచేరదట. చివరగా, కంపెనీలు నిజాలు దాచాయట.

మందే లేదన్న మాటతో మొదలుపెడతాను. వైరస్‌కి మందు తయారు చేయడం కష్టం, అది నిజం. బ్యాక్టీరియాకి సొంత కార్ఖానా ఉంటుంది, దాన్ని దెబ్బతీస్తే చాలు. వైరస్ మన కణంలో దూరి మన సామగ్రితోనే బతుకుతుంది, దాన్ని కొట్టబోతే దెబ్బ మనకి తగులుతుంది. కాబట్టి వైరస్‌కి మాత్రమే ఉన్నదేదో వెతికి పట్టుకోవాలి. ఫ్లూ వైరస్ విషయంలో అలాంటిది దొరికింది. కణంలో కొత్తగా తయారైన ఫ్లూ వైరస్‌లు బయటికొచ్చాక కూడా కణం పైపొరకి అతుక్కునే ఉంటాయి, ఆ అతుకు కోసుకుని బయటపడాలంటే వాటికి న్యూరామినిడేజ్ అనే ఎంజైమ్ కావాలి. ఆ ఎంజైమ్ ఆకారాన్ని 1983లో ఆస్ట్రేలియాలో పీటర్ కోల్మన్, గ్రేమ్ లేవర్, వాళ్ళతో పనిచేసినవాళ్ళు బయటపెట్టారు. ఆ ఆకారంలో ఉన్న గుంటలో సరిగ్గా ఇరుక్కునేలా అణువుల్ని మలిచారు. 1999లో జనామివిర్, ఒసెల్టామివిర్ అనే ఫ్లూ మందులు వచ్చాయి. 2018లో బాలోక్సావిర్ వచ్చింది, ఇది వేరే చోట కొడుతుంది. ప్రోటీన్ల తయారీకి మన కణం రాసుకున్న చీటీ లాంటి ఎంఆర్ఎన్ఏ తల కోసి తన దానికి తగిలించుకోవడం ఫ్లూ వైరస్‌కి అలవాటు, ఈ మందు ఆ కోతని ఆపుతుంది, ఒక్క డోసు చాలు. హెపటైటిస్ సి సంగతి చెప్పనే లేదు, కొన్ని వారాల మాత్రలతో నూటికి తొంభై అయిదుమందికి పైగా పూర్తిగా నయమవుతోంది. కోవిడ్ మాత్ర నిర్మాట్రెల్విర్‌కి మూలం 2003లో సార్స్ అనే జబ్బు వచ్చిన రోజుల్లో దాని తయారీదారు ఫైజరే మొదలుపెట్టి, ఆ జబ్బు మాయమవడంతో పక్కన పెట్టేసిన అణువు. ఇన్నేళ్ళ పనిని "మందు లేదు" అనే రెండు ముక్కల్లో కొట్టిపారేస్తే ఎలా?

జలుబు మాట. జలుబు ఒక జబ్బు కాదు, రైనోవైరస్‌లే 160కి పైగా రకాలున్నాయి, అవి కాక వేరే వైరస్‌లు. ప్లెకోనారిల్ అనే మందు జలుబుని దాదాపు ఒక రోజు తగ్గించింది కూడా. కానీ గర్భనిరోధక మాత్రల పనిని దెబ్బతీసే అవకాశం కనిపించింది, 2002లో అమెరికాలో అనుమతి ఇవ్వలేదు. దానంతట అదే తగ్గే జబ్బుకి అంత రిస్క్ ఉన్న మందు వద్దన్నారు. చేతగాకపోవడం ఇందులో ఎక్కడుంది?

ఇప్పుడు అసలు విషయం. ఐదు రోజులు ఆగడం. మిగతావాటిలో ఉన్నవి వాదించుకోవడానికి పనికొచ్చే తప్పులు, ఇది మాత్రం మనుషుల్ని ఆస్పత్రిలో చేర్చే తప్పు.

శ్వాసకోశ వైరస్‌లతో వచ్చే జబ్బు చాలావరకు రెండు దశల్లో నడుస్తుంది. మొదటి దశలో వైరస్ పెరుగుతుంది. ఫ్లూలో అయితే జ్వరం మొదలైన ఒకటి రెండు రోజుల్లోనే వైరస్ సంఖ్య గరిష్ఠానికి చేరి తర్వాత తగ్గడం మొదలవుతుంది. వైరస్ పెరగకుండా ఆపే మందు ఆ పెరిగే సమయంలోనే పడాలి. ఒసెల్టామివిర్‌ని 48 గంటల్లోపు మొదలుపెట్టమనేది అందుకే. నిర్మాట్రెల్విర్‌ని లక్షణాలు మొదలైన ఐదు రోజుల్లోపు మొదలుపెట్టాలి. టీకా వేసుకోని, ప్రమాదం ఎక్కువున్న మనుషుల మీద 2021లో జరిగిన ట్రయల్‌లో, మూడు రోజుల్లోపు మొదలుపెట్టినవాళ్ళలో ఆస్పత్రిలో చేరడం, చనిపోవడం కలిపి 89 శాతం తగ్గాయి. మరి ఈ మెసేజ్ ఎన్ని రోజులు ఆగమంటోంది? ఐదు! మందు పనిచేసే గడువెంతో సరిగ్గా అంతే. ఇల్లు కాలుతుంటే బావి తవ్వమని చెప్పడమే ఇది.

ఇంకా నమ్మకం కుదరకపోతే కోవిడ్‌కి వాడిన రెమ్‌డెసివిర్‌ని చూడండి. మందు ఒకటే. ఆస్పత్రిలో చేరాక ఇస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ నడిపిన సాలిడారిటీ ట్రయల్‌లో మరణాల్లో పెద్దగా తేడా కనిపించలేదు. అదే మందుని ప్రమాదం ఎక్కువున్నవాళ్ళకి ఆస్పత్రి అవసరం రాకముందే, లక్షణాలు మొదలైన వారంలోపు, మూడు రోజులు ఎక్కిస్తే ఆస్పత్రిలో చేరే ముప్పు 87 శాతం తగ్గింది. మొదటి ఫలితం చూసి "చూశారా, మందు పనిచేయదు" అన్నవాళ్ళు చాలామంది. మందుని ఎప్పుడు ఇచ్చారో వాళ్ళు చూడలేదు.

రెండో దశలో పరిస్థితి తలకిందులవుతుంది. వైరస్ తగ్గుముఖం పట్టినా మనిషి దిగజారుతుంటాడు, ఎందుకంటే అప్పుడు ఊపిరితిత్తుల్ని పాడుచేస్తున్నది చాలావరకు మన సొంత రోగనిరోధక వ్యవస్థే. దీనికి ఆధారం 2020 జూన్‌లో, కోవిడ్ రోగుల మీద బ్రిటన్‌లో జరిగిన 'రికవరీ' అనే ట్రయల్‌లో దొరికింది. డెక్సామెథసోన్ ఇస్తే వెంటిలేటర్ మీదున్నవాళ్ళలో మరణాలు మూడో వంతు తగ్గాయి, ఆక్సిజన్ మీదున్నవాళ్ళలో ఐదో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్ళకి ఏ మేలూ జరగలేదు. డెక్సామెథసోన్ అంటే స్టెరాయిడ్, అంటే ఇమ్యూనిటీని అణిచేది. ప్రాణాలు కాపాడింది ఇమ్యూనిటీని తగ్గించే మందు! "బూస్ట్, బూస్ట్" అని అరిచేవాళ్ళు దీనికి ఏం చెప్తారు? దేన్ని బూస్ట్ చేయమంటారు, ఏ రోజున, ఏ కణాన్ని? ఇమ్యూనిటీ అంటే ఎంత పోస్తే అంత మంచిదనుకునే ఒకే ఒక్క వస్తువా?

మొదటి గంటల్లో పనిచేసే ఇంటర్‌ఫెరాన్ సంగతీ ఇంతే. వైరస్ దూరిన కణం చుట్టుపక్కల కణాలకి ఇంటర్‌ఫెరాన్‌తో హెచ్చరిక పంపుతుంది, దీన్ని ఐజాక్స్, లిండెన్‌మాన్ అనే శాస్త్రవేత్తలు 1957లోనే కనిపెట్టారు. 2020లో కోవిడ్ న్యుమోనియాతో ప్రాణాపాయంలో పడ్డ 987 మందిని పరీక్షిస్తే, 101 మంది రక్తంలో ఆ ఇంటర్‌ఫెరాన్‌నే అడ్డుకునే యాంటీబాడీలు కనిపించాయి. వాళ్ళ శరీరం యాంటీబాడీలు తయారు చేయలేక పడిపోలేదు, చేయకూడని యాంటీబాడీలు చేసి పడిపోయింది. బయటికి వాళ్ళు ఆరోగ్యంగానే తిరిగారు, లోపల ఇలా ఉందని వాళ్ళకీ తెలియదు. ఏ పొడి తింటే అది సరవుతుంది?

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే ఇది పిల్లల ప్రాణాలతో నేర్చుకున్న పాఠం. 1960ల మధ్యలో అమెరికాలో పసిపిల్లల ఊపిరితిత్తులకి సోకే ఆర్‌ఎస్‌వీ అనే వైరస్‌కి, ఫార్మలిన్ అనే రసాయనంతో చంపిన వైరస్‌తో తయారు చేసిన టీకాని పసిపిల్లల మీద పరీక్షించారు. యాంటీబాడీలు బాగానే పుట్టాయి. తర్వాత నిజం వైరస్ సోకినప్పుడు ఒక ట్రయల్‌లో టీకా వేసిన పిల్లల్లో 80 శాతం మంది ఆస్పత్రి పాలయ్యారు, పోలిక కోసం పెట్టుకున్న గుంపులో 5 శాతమే. ఇద్దరు పిల్లలు చనిపోయారు. పుట్టిన యాంటీబాడీలు వైరస్‌ని సరిగ్గా ఆపలేనివి, పైగా ఊపిరితిత్తుల్లో వాపుని రెచ్చగొట్టాయి. వైరస్ పైన ఉండే ఎఫ్ ప్రోటీన్ కణంలోకి చొరబడక ముందు ఒక ఆకారంలో, చొరబడ్డాక ఇంకో ఆకారంలో ఉంటుందని, మంచి యాంటీబాడీలు మొదటి ఆకారాన్ని పట్టుకునేవేనని తేలి, ఆ మొదటి ఆకారాన్ని స్పష్టంగా చూడగలిగేసరికి 2013 వచ్చింది. దాని ఆధారంగా టీకాలు 2023లో అందాయి. యాభై ఏళ్ళకి పైనే పట్టింది. ఇమ్యూనిటీ ఎంత పుట్టిందన్నదొక్కటే చూస్తే ఏమవుతుందో ఆ పిల్లల విషయంలో తేలింది, ఎలాంటిది పుట్టిందన్నది అంతకంటే ముఖ్యం. దాన్ని ఎవరో రోజూ ఉదయం ఒక చెంచాతో "పెంచేస్తాం" అంటుంటే కోపం రాదా?

ఒక మాట ఒప్పుకుంటాను. వేరే జబ్బులేవీ లేని పాతికేళ్ళ మనిషికి మామూలు జలుబు, జ్వరం వస్తే విశ్రాంతి తీసుకుని ఆగడం సరైనదే. అంత ప్రమాదం లేనివాళ్ళ మీద చేసిన ట్రయల్‌లో నిర్మాట్రెల్విర్ కూడా చెప్పుకోదగ్గ మేలు చూపలేదు. కానీ మెసేజ్ ఆ పాతికేళ్ళ వాళ్ళకి రాసింది కాదు కదా, "అందరూ" అని రాసింది. అరవై అయిదు దాటినవాళ్ళు, గర్భిణులు, ఆస్తమా, గుండె జబ్బు, షుగర్ ఉన్నవాళ్ళు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్ళు, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్ళు మొదటి రోజో రెండో రోజో డాక్టర్‌తో మాట్లాడాలి. ఆయాసం ఉంటే వయసు లెక్క లేదు, రోజుల లెక్కా లేదు, వెంటనే వెళ్ళాలి.

ల్యాబ్‌లో 48 గంటల్లో చంపిన మందు. అది పరాన్నజీవుల మీద వాడే ఐవర్‌మెక్టిన్. కోవిడ్ వైరస్ మీద ఆ ప్రయోగం నిజంగానే 2020లో ఆస్ట్రేలియాలో జరిగింది. గాజు పాత్రలోని కణాల మీద వాడిన గాఢత మాత్ర మింగితే మన రక్తంలోకి చేరేదానికి ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ తర్వాత 1,300 మందికి పైగా రోగులతో బ్రెజిల్‌లో జరిగిన ట్రయల్ ఫలితం 2022లో వచ్చింది, ఆస్పత్రిలో చేరడం తగ్గలేదు. మలేరియా మందు హైడ్రాక్సీక్లోరోక్విన్ కథ కూడా అదే. కోతి కిడ్నీ కణాల్లో వైరస్‌ని ఆపింది, మనిషి ఊపిరితిత్తుల కణాల్లో ఆపలేదు, ఎందుకంటే అక్కడ వైరస్ లోపలికి వెళ్ళే దారి వేరు. చవక మందు కాబట్టి తొక్కేశారా? పైన చెప్పిన డెక్సామెథసోన్ 1950ల నాటి మందు, అంతకంటే చవకది ఆస్పత్రిలో దొరకడం కష్టం. పనిచేస్తుందని తేలిన వెంటనే ప్రపంచమంతా వాడారు. దాన్ని ఎందుకు తొక్కలేదో ఆ మెసేజ్ రాసినాయన చెప్పాలి.

యాంటీబాడీలు తగ్గడం మామూలు విషయం, అన్నీ అలాగే ఉండిపోతే రక్తం చిక్కబడిపోతుంది. జ్ఞాపకం ఉంచుకునే కణాలు మిగులుతాయి. 1918 ఫ్లూని చూసిన, తొంభై దాటిన వృద్ధుల రక్తంలో ఆ వైరస్‌ని గుర్తుపట్టే అలాంటి కణాలు (బి కణాలు) 2008లో దొరికాయి. ఫ్లూ టీకా ఏటా వేసుకోవాల్సి రావడానికి పెద్ద కారణం ఆ వైరస్ రూపం మారుతుండటమే.

యాంటీబయాటిక్ వైరస్‌ని ఏమీ చేయదు, దాని మీద ఇంతకంటే రాయను. వైరస్ తర్వాత బ్యాక్టీరియా న్యుమోనియా వస్తే మాత్రం అదే ప్రాణం నిలుపుతుంది. 1918 ఫ్లూలో చనిపోయినవాళ్ళలో ఎక్కువమందిని తీసుకెళ్ళింది ఆ రెండో దెబ్బే. ఎప్పుడు కావాలో చూసి చెప్పడానికే డాక్టర్ ఉన్నది, ముందుజాగ్రత్తగా వాడేసుకోవడానికి కాదు.

ఇక చివరిది, కంపెనీలు దాచాయన్నది. ఇది నిజం. ఒసెల్టామివిర్ ట్రయల్స్ పూర్తి నివేదికలు ఇవ్వమని వైద్య పరిశోధనల్ని బేరీజు వేసే కోక్రేన్ సంస్థ సమీక్షకులు, బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఏళ్ళ తరబడి అడిగితే తప్ప కంపెనీ ఇవ్వలేదు. ఈలోగా ప్రభుత్వాలు కోట్లు పోసి ఆ మందుని గోదాముల్లో నింపాయి. అంతా చేతికొచ్చాక 2014లో తేలింది ఏమిటంటే, పెద్దవాళ్ళలో లక్షణాలు సగటున 7 రోజుల నుంచి 6.3 రోజులకి తగ్గాయి, ఆ ట్రయల్స్‌లో ఆస్పత్రిలో చేరడం తగ్గినట్టు రుజువు కాలేదు, వికారం, వాంతులు పెరిగాయి. అమ్మేటప్పుడు చెప్పిన దానికి ఇది చాలా తక్కువ. పైగా ఈ మందులకి వైరస్ అలవాటు పడుతుంది. పాత ఫ్లూ మందు అమాంటడిన్ అలాగే పోయింది, 2008-09 నాటికి అప్పటి సీజనల్ హెచ్1ఎన్1 ఫ్లూ వైరస్ దాదాపు పూర్తిగా ఒసెల్టామివిర్‌కి లొంగకుండా తయారైంది. ఇవన్నీ అడగాల్సిన ప్రశ్నలే, గట్టిగా అడగాల్సినవే. ప్రతి ట్రయల్ పూర్తి లెక్కలు బయట పెట్టాలని ఎవరైనా మెసేజ్ రాస్తే నేనే అందరికీ పంపుతాను. ఈ మెసేజ్ పంపాలని ఇంకా అనిపిస్తే మాత్రం, కనీసం ఆ ఐదు రోజుల వాక్యం తీసేసి పంపండి.