ఉపాధి కార్యాలయం వారికి ఒక స్టీవర్డు విన్నపం

మహారాజశ్రీ జిల్లా ఉపాధి కల్పన కార్యాలయం వారి సముఖమునకు,

నేను హోటల్లో వడ్డన చేసే స్టీవర్డును. తమరు దయతో పంపిన ఇంటర్వ్యూ ఉత్తరం అందింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని, బూట్లు పాలిష్ చేసుకుని ఈ రోజే ఆ హోటలుకు వెళ్లాను. బ్యాంక్వెట్ హాలు పక్కన మధ్యాహ్నమంతా కూర్చోబెట్టి, చివరికి హెచ్ఆర్ మేడం సెలవిచ్చారు: "స్టీవర్డు పోస్టు ఎప్పుడో నిండిపోయిందండీ. చట్టం ప్రకారం తెలియజేయాలి కాబట్టి తెలియజేశాం."

ఆహా, చట్టం! పాతికమంది, అంతకు మించి పనిచేసే ప్రైవేటు సంస్థలు ఖాళీలను మీకు తెలపాలని 1959 నాటి చట్టంలో రాశారు. మీరు పంపినవాళ్లనే తీసుకోనక్కర్లేదని కూడా అందులోనే రాశారు. తెలపకపోతే ఆ చట్టంలో మొదటి తప్పుకు జరిమానా 500 రూపాయల లోపే ఉండేది. ఆ హోటల్లో ఇద్దరు బఫే తింటే అంతకు మించి బిల్లవుతుంది. మూడు నెలలు నిండని పనులైతే మీ చెవిన వేయనే అక్కర్లేదు. పెళ్లిళ్ల సీజనంతా మావాళ్లు చేసేవి ఆ పనులే.

ఇక మిగిలిన ఖాళీలు. కిచెన్‌లో ఒకడు మానేశాడంటే ఆ రాత్రే చెఫ్ తన ఊరి కుర్రాడికి ఫోను చేస్తాడు. మర్నాటికల్లా వాడు ఉల్లిపాయలు తరుగుతుంటాడు. మీ ఉత్తరమేమో సీనియారిటీ జాబితా తిరగేయించుకుని, సంతకాలు పెట్టించుకుని, తీరిగ్గా బయల్దేరుతుంది.

పైగా ఉచిత సేవ. కాదనను, ఏజెంటులా మీరు మొదటి నెల జీతం అడగరు. ఈ మర్యాదంతా అందుకే. కానీ మీ గడప తొక్కిన రోజు నాకు జీతంలో కోత, టిప్పులు పక్కవాడి జేబులోకి. బస్సు చార్జీ, జిరాక్సులు వేరే. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ మీకు కెరీర్ సెంటర్ అని పేరు పెట్టింది. సంతోషం, బోర్డు రాసేవాడికైనా పని దొరుకుతుంది.

టేబుల్ మీదికి మంచినీళ్లు ఆలస్యమైతే మేనేజరు మమ్మల్ని అందరి ముందూ కడిగేస్తాడు. నిండిపోయిన ఉద్యోగానికి మనిషిని పంపిన నిన్ను అడిగేవాడెవడు? ఉత్తరం వేసే ముందు, ఆ పోస్టు ఇంకా ఉందా అని హోటలుకు ఒక్క ఫోను చేస్తే నీ సొమ్మేం పోయింది? దానికీ పైనుంచి ఉత్తర్వులు రావాలా? ఫోను బిల్లు భారమైతే ఆ మాటే చెప్పు. కార్డు రెన్యువల్‌కు ఎలాగూ వస్తాను, అప్పుడు కట్టేస్తాను.