గంటకు 1,900 లీటర్లు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ గంటకు 1,900 లీటర్లు గారి దివ్య సముఖమునకు,

దిండి, నర్సాపురం, యానాం రేవుల్లో ఏసీ బోట్లు చూసుకునేవాళ్లం చేసుకునే విన్నపం. ఇక్కడ ఏసీ తప్ప అందరం క్షేమం. తమరు మాత్రం ఏసీకి ఏటి నీళ్లు తోడే పంపు డబ్బా మీద లావుపాటి అంకెల్లో నిక్షేపంగా ఉన్నట్టు కొట్టు బయటినుంచే కనబడుతోంది. (గది వెనక స్ప్లిట్ ఏసీ వేలాడదీసుకున్న బోట్లకు తమతో పేచీ లేదు. ఇది నీళ్లతో చల్లబడే ఏసీల గోడు.)

ఆ పంపు పోయిన ప్రతిసారీ ముందుగా పలకరించేది తమరే. కొట్టాయన డబ్బా తిప్పి తమర్ని చూపించి, "పాతదీ ఇంతేనండి, ఇదీ ఇంతేనండి, ఆయ్" అంటాడు. బేరం తెగిపోతుంది. తమరు అబద్ధమాడారని అనలేం. పంపు ముందు హోసు, జల్లెడ, ఏసీ, ఎక్కాల్సిన ఎత్తు ఏవీ లేకపోతే తమరన్నట్టే 1,900 లీటర్లు వస్తాయి. తమరి పక్కన "ఎత్తు 4 మీటర్లు" అని ఇంకో పెద్దమనిషి. ఆయనదీ నిజమే, ఆ నాలుగు మీటర్ల దగ్గర వచ్చే నీరు సున్నా. ఒకే డబ్బా మీద కాపురం, ఒకరు ఇంట ఉంటే రెండోవారు ఊళ్లోనే ఉండరు. మాకు కావలసింది తమరిద్దరి మధ్యా గీసే వంపుగీత, ఎంత ఎత్తుకు ఎన్ని లీటర్లో చూపేది. అది డబ్బా మీద ఉండదు, లోపలి కాగితంలో ఉంటుంది. ఆ కాగితం కొట్లోనే చెత్తబుట్టలోకి పోతుంది.

లెక్క చూడండి. టన్ను ఏసీకి నిమిషానికి 11, 12 లీటర్లు పారాలి. ఒక గదిలో టన్నున్నర, ఇంకో గదిలో టన్ను ఉండి రెండింటికీ ఒకటే పంపయితే నిమిషానికి 28 లీటర్లు, అంటే గంటకు 1,700. తమర్ని చూసి ఇంకా 200 మిగులని సంబరపడతాం. హోసు, మలుపులు, జల్లెడ, ఏసీలోని రాగి-నికెల్ చుట్టలు, నీళ్లు బయటపడే కన్నం ఎత్తు, అన్నీ కలిసి 2 మీటర్ల ఎత్తుకు సమానమైన భారం పడిందనుకోండి, ఆ పంపు ఇచ్చేది 1,300 చిల్లర. వేసవిలో గోదావరి నీరే వెచ్చగా ఉంటుంది కదా, ఆ నీరూ చాలినంత పారకపోతే గ్యాస్ ప్రెషర్ పెరిగి, అది మితిమీరితే ఆపే హైప్రెషర్ కట్ పడి కంప్రెసర్ ఆగుతుంది. మెకానిక్ వచ్చి "గ్యాస్ తగ్గిందండి" అని ఇంకాస్త ఎక్కించి పోతాడు. ప్రెషర్ ఇంకా పెరుగుతుంది. తమరు మాత్రం డబ్బా మీద చెక్కుచెదరరు.

తమరి పుట్టిల్లు 60 హెర్ట్జ్ కరెంటు దేశమైతే మరీ చిత్రం. 230 వోల్టులు అని చూడగానే మావాళ్లు తృప్తిపడతారు, ఆ పక్కనున్న హెర్ట్జ్ చదవరు. మన జనరేటరుదీ, గట్టు మీది కరెంటుదీ 50. మోటారు వేగం ఆరో వంతు పడిపోతుంది. ఎత్తే శక్తి వేగం వర్గాన్నిబట్టి పోతుంది కనుక 4 మీటర్లు కాస్తా 2.8 అవుతాయి. ఇందాకటి బోటులో చేతికొచ్చేది ఇంచుమించు 1,100. పైగా మోటారు వేడెక్కుతుంది.

తమరి మీద విరక్తి పుట్టినవాళ్లు మేడ మీది ట్యాంకు నింపే అర హెచ్‌పీ మోనోబ్లాక్ తెచ్చి బిగిస్తారు. వంద వాట్లు కూడా తినని మాగ్నెట్ పంపు (తమరి డబ్బాలోది, అయస్కాంతంతో చక్రం తిప్పేది) చోట 370 వాట్లది. ఇనుప బాడీ ఉప్పు నీటికి తుప్పుపట్టి పొరలుగా ఊడుతుంది, నీటి వేగం మితిమీరి ఏసీ గొట్టాల లోపలి గోడ అరిగిపోతుంది. ఎయిర్ కూలర్ పంపు వేసేవాళ్ల గురించి రాయబోము, చలికాలంలో వాళ్ల బోటు చల్లగానే ఉంటుంది.

ఇక తమర్ని కొలిచింది తేట నీటిలో. ఇక్కడ వానాకాలంలో ఎర్రనీరు, దాంతో పాటు గుర్రపుడెక్క వేళ్లు. ఎండాకాలం పోటుకు ఉప్పు ఎగదన్నితే బోటు అడుగున నీళ్లు లాగే కన్నంలో గుల్లలు. అంతర్వేది వైపు నల్ల ఇసుక ఇంకో రకం: అందులోని మాగ్నటైట్ వెళ్లి తిరిగే చక్రంలోని అయస్కాంతానికే అంటుకుని, ప్లాస్టిక్కునూ పింగాణీ ఇరుసునూ రుద్దేస్తుంది. అందుకే కొత్తది కొనేముందు పాతదాని మూతి స్క్రూలు విప్పి, చక్రాన్ని వేలితో తిప్పి చూడాలి. సగం "పోయిన" పంపుల్లో పీచో ఇసుకో తప్ప ఏమీ పోయుండదు. ఇరుసు చిట్లినా, నీళ్లు లేకుండా తిరిగి ప్లాస్టిక్ కరిగినా అప్పుడు కొట్టుకు వెళ్లొచ్చు.

మాగ్నెట్ పంపుకు షాఫ్ట్ సీలు లేదు, కారదు. కానీ నీళ్లు తనంతట లాక్కోలేదు. నీటిమట్టానికి కనీసం 30 సెంటీమీటర్లు కింద ఉండాలి. ఆ మట్టం కూడా టూరిస్టులు దిగిపోయి బోటు తేలికగా తేలేటప్పుడు కొలవాలి. అడుగు వాల్వు, జల్లెడ, పంపు, ఏసీ, ఈ వరసలో హోసు ఎక్కుతూనే పోవాలి. మధ్యలో ఒక్కచోట పైకి లేచి దిగినా అక్కడ గాలి కూర్చుంటుంది. పంపు మోగుతుంది, నీరు రాదు. జల్లెడ కడిగాక ఏసీ దగ్గర హోసు ఊడదీసి గాలి పోనివ్వాలి. లాగే వైపు తీగ చుట్టిన హోసే వాడాలి, పంపు మూతి కన్నా సన్నంది వద్దు. పాటు వేళ రేవులో బోటు అడుగు బురదకు దగ్గరపడితే ఏసీ ఆపమని బోటు నడిపే సరంగుకు చెప్పాలి. కరెంటు వైపు 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే కట్ చేసే స్విచ్చు), ఎర్తింగు తప్పనిసరి.

బిగించాక తమరి మాట అక్కర్లేదు, బకెట్టు చాలు. టన్ను ఏసీ నుంచి బయటపడే నీటికి 15 లీటర్ల బకెట్టు పెడితే 80 సెకన్లలోపు నిండాలి.

కాబట్టి విన్నపం ఒక్కటే. తమరు డబ్బా మీదనే ఉండండి, కాకపోతే పక్కన "50 హెర్ట్జ్ దగ్గర, 2 మీటర్లకు ఇన్ని లీటర్లు" అనే చిన్న అంకెకు కాస్త చోటివ్వండి. ఇరుకైతే ఆ దూకుతున్న డాల్ఫిన్ బొమ్మ తీసేయొచ్చు.

ఇట్లు,
రేవు వాళ్లం

తా.క.: పంపుతో పాటే ఒక చక్రం, ఒక ఓ-రింగు (మూతికి పట్టే రబ్బరు వలయం) విడిగా ఇప్పించండి. రెండేళ్లకు వెళ్లి అడిగితే "ఆ మోడలు ఆపేశారండి" అంటున్నారు.