ఆ శుక్రవారం జిమ్‌లో ఏం జరుగుతుందో ఒక్కసారి వచ్చి చూడండి

మొన్న మన తెలుగు సంఘం దీపావళి సభలో విద్యార్థి పురస్కారాలప్పుడు జరిగింది మీలో చాలామంది చూసే ఉంటారు. కాలేజీ సీటు కోసం రాసే ఎస్‌ఏటీ పరీక్షలో మంచి స్కోరు తెచ్చుకున్నవాళ్లు, సైన్స్ ఫెయిర్‌లో గెలిచినవాళ్లు, స్పెల్లింగ్ బీ పిల్లలు వరసగా స్టేజీ ఎక్కారు. శాలువాలు, మెమెంటోలు, ఫోటోలు. అందరికీ చప్పట్లు కొట్టాం, కొట్టాల్సిందే. సరిగ్గా అప్పుడే మా అబ్బాయి వెనక తలుపులోంచి లోపలికి వచ్చాడు. స్కూలు బ్యాండ్లు వాయిస్తూ కవాతు చేసే పోటీ, మార్చింగ్ కాంటెస్ట్ నుంచి నేరుగా వచ్చాడు కాబట్టి ఒంటి మీద బ్యాండ్ జాకెట్ అలాగే ఉంది. మైకు పట్టుకున్న పెద్దాయన వాణ్ణి చూసి, "ఏం బాబూ, ఫుట్‌బాల్ గేముల్లో డ్రమ్ములు కొట్టుకుంటూ తిరిగితే సీటెవరిస్తారు, వచ్చే ఏడైనా ఈ లైన్లో నిలబడు" అన్నారు. హాలంతా నవ్వింది. వాడు నా దగ్గరికొచ్చి కారు తాళాలు తీసుకుని బయటికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి జాకెట్ లేదు.

ఆయన చెడ్డవారు కాదు. మన పిల్లల్లో ఎంతమందికో ఒక్క డాలర్ తీసుకోకుండా లెక్కలు చెప్పారు. అందుకే ఆ మాట ఇంకా గుచ్చుకుంది.

మా వాడు డ్రమ్‌లైన్‌లో, అంటే బ్యాండ్‌లో డ్రమ్ములు కొట్టే జట్టులో, స్నేర్ అనే డ్రమ్ము కొడతాడు. జూలై చివర్లోనే బ్యాండ్ క్యాంపు మొదలవుతుంది. స్కూలు పార్కింగ్ లాట్‌లో ఫుట్‌బాల్ ఫీల్డు గీతలు పెయింట్ చేసి ఉంటాయి, టెక్సస్ ఎండ వంద డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన రోజున కూడా ఆ తారు మీదే భుజాలకు డ్రమ్ము తగిలించుకుని ఎన్ని అడుగులకు ఎటు తిరగాలో లెక్కపెట్టుకుంటూ నడవాలి. రెండో వారానికి వాడి చూపుడు వేలి మొదట్లో బొబ్బ లేచి చితికింది. దాని మీద చుట్టిన తెల్ల టేపు సాయంత్రానికి నల్లగా అయ్యేది. ఆ రాత్రి ఆవకాయ అన్నం కలుపుకుంటే మండుతోందని, "అమ్మా, నువ్వే కలిపి పెట్టవా" అని అడిగాడు, పదహారేళ్లవాడు. మానేయరా అంటే మానలేదు.

పాత విద్యార్థుల్ని కూడా పిలిచి ఏటా ఆడే ఫుట్‌బాల్ గేము, హోమ్‌కమింగ్ శుక్రవారం నాడు నీళ్ల బాటిళ్లు అందించే పని మా బ్యాండ్ పేరెంట్స్‌కి పడింది. గేముకి ముందు స్కూలంతా చేరి జట్టుని ఉత్సాహపరిచే పెప్ ర్యాలీ అంటే ఏంటో నేను నిజంగా చూసింది అప్పుడే. జిమ్‌లో, అంటే స్కూలు ఆటల హాల్లో, నాలుగు పక్కలా నాలుగు క్లాసులు, తొమ్మిదో తరగతి ఫ్రెష్‌మన్ నుంచి పన్నెండో తరగతి సీనియర్ దాకా. అమ్మాయిల భుజాల మీంచి మోకాళ్ల దాకా వేలాడే మమ్‌లు, కృత్రిమ చామంతి పువ్వు చుట్టూ రిబ్బన్లు, వాటికి చిన్న గంటలు. ఏ క్లాసు గట్టిగా అరిస్తే ఆ క్లాసుకి స్పిరిట్ స్టిక్ అనే కర్ర బహుమతి. ఈ కర్రని, చేతిలో ఊపే పామ్‌పామ్‌ని తెచ్చిపెట్టిన లారెన్స్ హెర్కిమర్ మన డాలస్ ఆయనే, 1948లో చీర్‌లీడింగ్, అంటే జట్టుని ఉత్సాహపరిచే ఆటపాటలు, నేర్పే క్యాంపులు మొదలుపెట్టారు. అంత గోలలో ఒక్కసారిగా అందరూ ఆగారు, డ్రమ్‌లైన్ లోపలికి నడిచింది. మా వాడికి ఒకపక్క నైజీరియా నుంచి వచ్చినవాళ్ల పిల్లాడు, ఇంకోపక్క మెక్సికో కుటుంబం అమ్మాయి. ఎనిమిది డ్రమ్ములు, ఒక్కటే దెబ్బ. ఇంట్లో అడిగితే తప్ప నోరు విప్పని నా కొడుకు వేలమంది ముందు తలెత్తి నవ్వుతున్నాడు. నేను నీళ్ల బాటిళ్లు పక్కన పెట్టి అక్కడే ఏడ్చేశాను.

ఇలా బడంతా ఒక్కటవడం మనకు కొత్త సంగతి కాదు. మాది నల్లగొండ జిల్లా. మా ఊరి జడ్పీ హైస్కూల్లో రోజూ పొద్దున కుడి చెయ్యి ముందుకు చాపి ప్రతిజ్ఞ చేసేవాళ్లం. దాన్ని 1962లో తెలుగులో రాసిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు మా జిల్లా అన్నెపర్తి ఆయనే. దేశంలో బడిపిల్లలంతా ఒక్క గొంతుతో పలికే మాటలు ఒక తెలుగాయన రాతలోంచి వచ్చాయి, మరి పదిమందితో కలిసి గొంతెత్తడం మన పిల్లలకు పనికిమాలిన పని ఎలా అవుతుంది? మా ఖోఖో జట్టు మండలం ఆటలకు వెళ్లే రోజు హెడ్‌మాస్టరు గారు మా తొమ్మిదిమంది పేర్లూ ప్రేయర్‌లో చదివారు, బడంతా చప్పట్లు కొట్టింది. పీఈటీ సారు విజిల్ ఊదుతుంటే ట్రాక్టర్ ట్రాలీ ఎక్కాం, ఒక పదో తరగతి అబ్బాయి వాళ్ల నాన్న డప్పు కొడుతూ ఊరి చివర దాకా వచ్చారు. మొదటి ఆటలోనే ఓడిపోయాం. అయినా ఆ పొద్దు నాకు ఇంకా కళ్లముందే ఉంది.

ఆ తర్వాత రెండేళ్లు నన్ను ఒక రెసిడెన్షియల్ కాలేజీలో వేశారు. గ్రౌండు లేదు. పొద్దున ఐదుకి స్టడీ అవర్, రాత్రి పదికి స్టడీ అవర్, వారంవారం ర్యాంకుని బట్టి సెక్షన్ మారేది కాబట్టి పక్కన కూర్చున్న అమ్మాయి పేరు తెలిసేలోపే ఆమె వేరే గదికి పోయేది. ఈ దేశం రావడానికి ఆ చదువే దారి చూపించింది, కాదనను. కానీ అక్కడి నుంచి ఒక్క స్నేహితురాలు కూడా నాకు మిగల్లేదు. ఆ రెండేళ్లని మనం ఇక్కడికి మోసుకొచ్చి పిల్లల మీద పెడుతున్నాం.

అటువైపు మాటలూ నాకు తెలుసు. ఖర్చు ఎక్కువే, బ్యాండ్ ఫీజులు, ప్రయాణాలు, ఒక్కో మమ్‌కే వందల డాలర్లు. డాలస్ పక్కనున్న ఆలెన్‌లో 2012లో కట్టిన హైస్కూల్ స్టేడియానికి 6 కోట్ల డాలర్లు పెట్టారు, అది అతి అని నాకూ అనిపిస్తుంది. అరుపులంటే తల పగిలిపోయే పిల్లలున్నారు, వాళ్లని లైబ్రరీలో కూర్చోనివ్వాలి. ఇక చదువు పోతుందనే భయం ఉంది చూశారా, దానికి టెక్సస్‌లో 1984 నుంచీ చట్టమే ఉంది. కొన్ని అడ్వాన్స్‌డ్ కోర్సుల్ని మినహాయిస్తే, ఒక్క సబ్జెక్టులో 70 కంటే తగ్గినా కనీసం మూడు వారాలు గేముల్లో, పోటీల్లో పాల్గొననివ్వరు. ఆ డ్రమ్ము కోసమే మా వాడు కెమిస్ట్రీ చదివాడు, నేను చెప్తే చదవలేదు.

కాబట్టి కార్యవర్గాన్ని అడుగుతున్నాను. బతుకమ్మ, దసరా తేదీలు పెట్టేముందు మన పిల్లలు ఎక్కువగా చదివే స్కూళ్ల హోమ్‌కమింగ్ శుక్రవారాలు, మార్చింగ్ కాంటెస్ట్ శనివారాలు ఒకసారి చూడండి, అవి చాలావరకు ఆ పండగల రోజుల్లోనే పడతాయి. పోయినసారి రిహార్సల్‌కి రాలేదని గేముల్లో వరసగా డాన్సు చేసే డ్రిల్ టీమ్ అమ్మాయిని ఒకరిని కోలాటంలోంచి తీసేశారు, ఆ పిల్ల మళ్లీ మన హాల్లో అడుగుపెట్టలేదు. తల్లిదండ్రుల్నీ అడుగుతున్నాను, సీజన్‌లో ఒక్క శుక్రవారం పిల్లల్ని గేటు దగ్గర దింపి వెళ్లిపోకుండా మైదానం పక్కన మెట్ల బల్లలు, బ్లీచర్స్‌లో కూర్చోండి, రూల్స్ తెలియకపోయినా ఫర్వాలేదు.

ఉగాదికి విద్యార్థి పురస్కారాలు ఎలాగూ ఉంటాయి. ఆ లైన్లోనే బ్యాండ్, డ్రిల్ టీమ్, చీర్ పిల్లల్నీ నిలబెట్టండి. పంచాంగ శ్రవణం అయ్యాక మాకు నాలుగు నిమిషాలిస్తే చాలు, మా వాడితో నేను మాట్లాడతాను, డ్రమ్ములు మేమే తెచ్చుకుంటాం.