నేను మెంటారైన భాగోతం

మొన్న రెండో శనివారం నుంచి నేను మెంటార్‌ని. అంతకు ముందు వట్టి రిటైర్డ్ హెడ్‌మాస్టర్‌ని. రెండింటికీ తేడా ఏమిటని మా ఆవిడ అడిగింది. హెడ్‌మాస్టర్ పాఠం చెప్పకపోతే ఎంఈఓ అడుగుతాడు, మెంటార్‌ని ఎవరూ ఏమీ అడగరు అన్నాను. "అయితే మీకు తగిన పనే దొరికింది" అని లోపలికి వెళ్లిపోయింది.

నల్లగొండలో గడియారం సెంటర్‌కు కాస్త అవతల ఒక ఫంక్షన్ హాల్. రెండు రోజుల కార్యక్రమం. 'వర్ధమాన సంగీత నాటక కళాకారుల అప్రెంటిస్‌షిప్, మెంటార్‌షిప్ మహా శిబిరం' అని పేరు. ఇంత పేరు ఫ్లెక్సీలో పట్టాలంటే ఏదో ఒకటి తీసేయాలి కదా, కళాకారుల బొమ్మలు తీసేశారు. నిర్వాహకుల ఫొటోలు, దాతల ఫొటోలు, ఒక దాతగారి బావమరిది ఫొటో అలాగే ఉన్నాయి. ఆ సంస్థ పేరు మాత్రం చెప్పను. నాకింకా బస్సు చార్జీలు రావాలి.

వర్ధమాన కళాకారుడంటే ఎవరని మీకు అనుమానం రావచ్చు, నాకూ వచ్చింది. రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గరున్న అమ్మాయి విడమరిచి చెప్పింది. సర్టిఫికెట్ లేనివాళ్లు వర్ధమానులు, ఉన్నవాళ్లు ప్రముఖులు. మరి ఏమీ రానివాళ్ల సంగతేమిటమ్మా అన్నాను. ఆమె ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే "రిసోర్స్ పర్సన్స్ ఆ వైపు కూర్చోండి సార్" అంది. ఆ పిల్ల నన్ను ఉద్దేశించి అనలేదని తెలుసు. అయినా వెళ్లి ఆ వైపే కూర్చున్నాను.

నా అర్హత గురించి దాపరికం లేకుండా చెబుతాను. నేను మూడు ఎండాకాలాలు భాగోతంలో ఉన్నాను. మన దగ్గర ఈ మాటకు రెండర్థాలు. రాత్రంతా ఆడేది ఒకటి, పొద్దున బయటపడేది ఇంకొకటి. నాది మొదటిదే. వేషం కట్టలేదు, తెర పట్టాను.

మాది మూసీ ఆయకట్టు కింద ఊరు. యాసంగి కోతలయ్యాక భాగోతం నేర్పే పంతులు వచ్చి దిగేవాడు. ఒక చెక్క హార్మోనియం, ఒక గుడ్డ సంచి, ఆ సంచిలో నోటు పుస్తకం. రెండు మూడు నెలలు ఊళ్లోనే మకాం. పూటకొక ఇంట్లో అన్నం, పోయేటప్పుడు ఇంటికిన్ని వడ్లు. నాగలి పట్టేవాళ్లు, తాడెక్కేవాళ్లు, మగ్గం నేసేవాళ్లు చీకటి పడగానే ఆయన ముందు చేరి దరువులనే ఆట పాటలు, ద్విపదలు కంఠతా పట్టేవాళ్లు. వాళ్లలో సగం మందికి చదువు రాదు. పంతులు చదువుతాడు, వాళ్లు అంటారు. తాళం తప్పితే ఆయన కుడిచెయ్యి హార్మోనియం మెట్లను వదిలేది. అది తర్వాత ఎవరి వీపు మీద వాలుతుందో అందరికీ తెలుసు.

నాకు పన్నెండేళ్లు. మొదటి ఎండాకాలమంతా వేషాల ముఖానికి పూసే అర్దళం నూరడం, పెట్రోమాక్స్ లైటుకు పంపు కొట్టడం. రెండో ఏడు తెర ఇచ్చారు. తెరంటే ఏదో అనుకునేరు, పాత దుప్పటి. చెరో కొస ఇద్దరం పట్టుకోవాలి. వెనక వేషం వచ్చి నిలబడుతుంది. జనానికి పైన కిరీటం కొస, కింద గెజ్జెల కాళ్లు మాత్రమే కనబడాలి. వెనక నుంచి ప్రవేశ దరువు లేస్తుంది. గెజ్జెలు దరువు మీద పడుతుంటాయి. జనం మెడలు సాగదీస్తారు. ఆ దరువు ముగిసే చోట తెర జారాలి. ఒక్క తాళం ముందు కాదు, ఒక్క తాళం వెనక కాదు.

మూడో ఏడు నేను ఒక్క తాళం ముందు దించాను. వెనక హిరణ్యకశిపుడు బీడీ ముట్టించుకుంటున్నాడు.

ఊరు ఏడాదిపాటు నవ్వింది. పంతులు ఆ రాత్రి ఒక్కటి వేశాడు. మర్నాడు పొద్దున అందరూ పడుకుని ఉంటే నన్ను లేపి, వేపచెట్టు కొమ్మకు దుప్పటి ఒక కొస కట్టి, రెండో కొస నా చేతికిచ్చాడు. "పట్టు పోరగా" అన్నాడు. వెనక ఎవరూ లేరు. ఆయన దరువు పాడాడు, నేను దించాను. "తొందరైంది. మళ్ల పట్టు." మళ్లీ పాడాడు. ఎండెక్కేదాకా అదే పని. ఎన్నిసార్లు పాడాడో లెక్క లేదు. ఆయన గొంతు బొంగురుపోయిందని మాత్రం గుర్తు, ఎందుకంటే సాయంత్రం ఆటలో నారదుడి పాట ఇంకొకరితో పాడించాడు.

ఈ పద్ధతిలో ఎన్ని లోపాలున్నాయో శిబిరానికి వెళ్లాకే తెలిసింది. మా పంతులు లెర్నింగ్ అవుట్‌కమ్స్ రాసుకోలేదు. హాజరు తీసుకోలేదు. ఎండెక్కేదాకా నేర్పి ఒక్క సెల్ఫీ కూడా దిగలేదు. ఒక పిల్లవాడికి ఒక దుప్పటి దించడం నేర్పడానికి ఒక పూట పోగొట్టుకోవడమంటే వనరుల దుర్వినియోగం కాక మరేమిటి? మా శిబిరంలో అదే పూటలో గాత్రం, అభినయం, సోషల్ మీడియా మార్కెటింగ్ పూర్తి చేసి అరగంట ముందే బగారన్నానికి లేచాం.

హైదరాబాద్ నుంచి వచ్చిన ఫెసిలిటేటర్ కుర్రాడు మాత్రం కష్టపడి స్లైడ్లు చేసుకొచ్చాడు, కాదనలేను. న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్‌వే బొమ్మ చూపించాడు. అక్కడ లేమన్ ఎంగెల్ అనే ఆయన 1961లో మ్యూజికల్స్, అంటే పాటల నాటకాలు, రాసేవాళ్లకోసం వర్క్‌షాప్ మొదలుపెట్టాడట, ఇప్పటికీ నడుస్తోందట. నాకు ఆ ఏడాది ఎక్కడో విన్నట్టనిపించింది. మన అప్రెంటిస్ చట్టం కూడా 1961దే. ఒకే ఏడాది వాళ్లు పాటల నాటకానికి శిష్యుల్ని వెతుక్కున్నారు, మనం ఫ్యాక్టరీకి వెతుక్కున్నాం. మన చట్టం కింద ఫిట్టర్ ఉన్నాడు, టర్నర్ ఉన్నాడు, ఎలక్ట్రీషియన్ ఉన్నాడు. హిరణ్యకశిపుడు ట్రేడు నాకైతే కనిపించలేదు.

తర్వాతి స్లైడ్‌లో స్టీఫెన్ సాండ్‌హైమ్, ఆస్కార్ హామర్‌స్టైన్. ఇద్దరూ బ్రాడ్‌వే పాటల నాటకాలతో పేరు పొందినవాళ్లే. బడిలో ఉన్న రోజుల్లోనే సాండ్‌హైమ్ ఒక పాటల నాటకం రాసి, స్నేహితుడి తండ్రి అయిన హామర్‌స్టైన్‌కు ఇచ్చాడట. నన్నెరగనట్టే చదివి చెప్పండన్నాడట. అట్లాగైతే నా దగ్గరికొచ్చిన వాటిలో ఇంత చెత్త ఇంకోటి లేదని ఆయన తేల్చేశాడు. తేల్చి ఊరుకోలేదు, మధ్యాహ్నమంతా కూర్చోబెట్టి వరస వరసా తప్పులు విప్పి చూపించాడు. ఆ తర్వాత నాలుగు నాటకాలు రాయమని ఏళ్ల తరబడి సాగే హోంవర్క్ ఇచ్చాడు. ఇది విని హాలంతా చప్పట్లు కొట్టింది. నాకు వేపచెట్టు గుర్తొచ్చింది. ఫెసిలిటేటర్ గడియారం చూసుకుని, "మనకు అంత టైమ్ లేదు కాబట్టి ఇప్పుడు అందరూ కళ్లు మూసుకుని మీ లోపలి హామర్‌స్టైన్‌తో మాట్లాడండి" అన్నాడు. నా లోపల ఆయన దొరకలేదు. బగారన్నం ఉంది.

టీ విరామంలో 'ప్రభుత్వ అవకాశాలు' అనే కరపత్రం పంచారు. రిటైరయ్యాక నాకు నిబంధనలు చదవడమే కాలక్షేపం, కాబట్టి మొత్తం చదివాను. కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారులకిచ్చే స్కాలర్‌షిప్ ఒకటుంది. నెలకు 5,000 చొప్పున రెండేళ్లు. వయసు 18 నుంచి 25 లోపు. దేశం మొత్తానికి 400. సంగీతం, నాట్యం, నాటకం, బొమ్మలు, జానపదం, అందరికీ కలిపే. అడగాలంటే అప్పటికే కనీసం 5 ఏళ్లు గురువు దగ్గర నేర్చుకుని ఉండాలి. నేర్చుకోవడానికి సాయం కావాలంటే ముందు సాయం లేకుండా నేర్చుకుని రమ్మనడంలో ఉన్న ముందుచూపును నేను మెచ్చుకుంటున్నాను. ఈతకొలనులోకి ఈత వచ్చినవాళ్లనే దించితే ప్రమాదాలు జరగవు.

ఇంకొకటి కేంద్రం పెట్టిన జోనల్ కల్చరల్ సెంటర్ల గురు శిష్య పరంపర పథకం. గురువుకు నెలకు 7,500, పక్కవాద్యానికి 3,750, శిష్యుడికి 1,500. అంటే శిష్యుడికి రోజుకు 50 రూపాయలు. మా గడియారం సెంటర్‌లో రెండు టీలు, ఒక సమోసా, చేతిలో చిల్లర. ఉపాధి హామీ పనికి వెళ్లి మట్టి తవ్వితే కూలి రేటు రోజుకు 300 పైనే. ఆ మట్టి తవ్వడానికి 5 ఏళ్ల అనుభవం కూడా అడగరు. అందుకే మన పల్లెల్లో ఇన్ని కుంటలు, ఇంత తక్కువ మద్దెలలు.

వయసు నిబంధన ఇంకా బాగుంది. 1885లో కడప జిల్లా సురభిలో కీచకవధతో మొదలైన సురభి కుటుంబాల్లో పసిపిల్లల్ని ఎత్తుకొచ్చి బాలకృష్ణుడి వేషం వేయించేవాళ్లు. అటువంటి ఇంట్లో పుట్టినవాడు 18వ ఏట దరఖాస్తు పెట్టేసరికి వాడికి సగం సర్వీసు అయిపోయి ఉంటుంది. మన తెలంగాణ సంగతీ అంతే. నాగర్‌కర్నూల్ వైపు పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. నారాయణపేట జిల్లా దామరగిద్దలో బుర్రవీణ వాయించే దాసరి కొండప్పకు 2024లో వచ్చింది, చిందు యక్షగానం ఆడే జనగామ గడ్డం సమ్మయ్యకూ అదే ఏడు. మా శిబిరం ఫారంలో 'శిక్షణ పొందిన సంస్థ, రిజిస్ట్రేషన్ నంబరు' అని ఒక గడి ఉంది. దాని ముందు ఈ ముగ్గురినీ కూర్చోబెడితే ఏం రాసేవాళ్లా అని కాసేపు ఆలోచించాను. చివరికి వర్ధమానుల వరసలోనే కూర్చునేవాళ్లు.

ఇక నా అప్రెంటిస్ గురించి. ప్రతి మెంటార్‌కూ ఒక అప్రెంటిస్‌ను చీటీ తీసి అప్పగించారు. నాకు పడ్డవాడు ఇరవై దాటని కుర్రాడు. తరతరాలుగా భాగోతం ఆడే చిందు వాళ్ల పిల్లవాడు. మిర్యాలగూడ దగ్గర రైస్ మిల్లులో బస్తాలు మోస్తాడు. రెండు రోజుల కూలి పోగొట్టుకుని వచ్చాడు. ఎందుకొచ్చావురా అంటే, "సర్టిఫికెట్ ఉంటే ప్రోగ్రాంలకు పిలుస్తరంట గద సార్" అన్నాడు. ఎప్పటినుంచి ఆడుతున్నావంటే వేళ్లు లెక్కపెట్టుకున్నాడు. ఏడో ఏట నుంచి. ముందు బాలవేషాలు, తర్వాత ఆడవేషాలు, ఇప్పుడు జనాన్ని నవ్వించే బుడ్డర్‌ఖాన్ వేషం. వాళ్ల తాత మద్దెల, నాయన రాజవేషం, మేనత్త ఎల్లమ్మ వేషం. మాదిగల కులపురాణం జాంబపురాణం మొత్తం నోటికొచ్చు. ఫారంలో 'ఎమర్జింగ్' దగ్గర టిక్కు పెట్టాడు. నా ఫారంలో 'ఎక్స్‌పర్ట్' దగ్గర టిక్కు ముందే ప్రింటయి ఉంది.

మా ఇద్దరికీ నలభై నిమిషాల 'వన్ టు వన్ సెషన్'. ఏం అడుగుతావో అడుగు అన్నాను, గంభీరంగా. వాడు మర్యాదస్తుడు, నేల చూస్తూ కూర్చున్నాడు. చివరికి నేనే చేతితాళాలు తీసుకుని ఒక దరువుకు వేశాను. రెండు చుట్లు విని, "సార్, ఏమనుకోవద్దు, రెండో దెబ్బ జర ముందు పడుతుంది" అన్నాడు. యాభై ఏళ్ల కింద కూడా ఇదే మాట. నా చేతుల మీద తన చేతులు పెట్టి వేయించాడు. బస్తాల చేతులు, గరుకుగా ఉన్నాయి. మూడోసారికి పడింది. ఆడలేక మద్దెల ఓడంటారు కానీ, మెంటార్‌కు ఆ అవసరం కూడా లేదు. సెషన్ అయ్యాక వాడి ఫీడ్‌బ్యాక్ ఫారంలో 'తాళజ్ఞానం మెరుగుపడినది' అని రాసి సంతకం పెట్టాను. ఎవరిది అనే గడి ఆ ఫారంలో లేదు.

రెండో రోజు సాయంత్రం గ్రూప్ ఫొటో. శిబిరంలో ఆలస్యం కాకుండా జరిగిన అంశం ఇదొక్కటే. అందరూ ప్రదర్శన దుస్తుల్లో రావాలన్నారు. మావాడు సంచిలోంచి పొణికి కర్ర కిరీటం తీసి పెట్టుకున్నాడు, గెజ్జెలు కట్టాడు, గోడ పక్కన అద్దం ముక్క పెట్టుకుని అర్దళం పూసుకున్నాడు. ఆ వాసనకు నా కడుపులో ఏదో కదిలింది. బగారన్నం కాదు.

ఇంతలో గాలి లేచి ఫ్లెక్సీ తాడు తెగింది. నిర్వాహకులు హడావిడి పడుతుంటే, నేను పరుగెత్తి ఒక కొస పట్టుకున్నాను. ఫెసిలిటేటర్ రెండో కొస పట్టుకున్నాడు. ఫ్లెక్సీ నేలకు జానెడు ఎత్తున నిలబడింది. అది చూడగానే మావాడికి ఏమైందో, గభాల్న వెనక్కి వెళ్లి నిలబడి దరువెత్తుకున్నాడు. గెజ్జెలు పడ్డాయి. మైకు లేకుండానే హాలు నిండిపోయింది. భోజనాల దగ్గరున్నవాళ్లు ప్లేట్లతోనే ఇటు తిరిగారు. నాకు తెలుసు, ఎక్కడ దించాలో. చేతులు వాటంతటవే లెక్క పెడుతున్నాయి. దరువు ముగింపుకొచ్చింది. దించబోయాను.

"దించకండి సార్!" అని అరిచాడు ఫొటోగ్రాఫర్. "స్పాన్సర్ పేరు పోతుంది!"

పట్టుకునే ఉన్నాను. దరువు అయిపోయింది. వెనక వాడు ఇంకో చుట్టు పాడాడు, బహుశా నాకు లెక్క తప్పిందనుకుని.

ఫొటో వాట్సాప్‌లో వచ్చింది. ఫ్లెక్సీ స్పష్టంగా ఉంది, బావమరిదిగారు కూడా. ఒక కొసన నేను నవ్వుతున్నాను. ఫ్లెక్సీ కింద, నేలకూ దానికీ మధ్య జానెడు సందులో, రెండు గెజ్జెల కాళ్లు పడ్డాయి.