ఆఫ్ అన్నా ఆగని కరెంటు: కార్వర్ మీడ్ రెండు దారులు

ఎలక్ట్రానిక్స్ చదివిన వాళ్లకు ట్రాన్సిస్టర్ గురించి మొదట చెప్పే మాట, అదొక స్విచ్ అని. గేటు అనే దాని కొస దగ్గర వోల్టేజీ ఒక హద్దు దాటితే ఆన్, దాటకపోతే ఆఫ్. మా క్లాసులో బోర్డు మీద వేసిన గ్రాఫులోనూ ఆ హద్దుకు ఎడమ పక్క గీత సున్నా మీదే పడుకుని ఉండేది. నిజానికి అక్కడ ఉండేది సున్నా కాదు. కట్టేసిన కుళాయి నుంచి చుక్కలు కారినట్టు సన్నగా కరెంటు కారుతూనే ఉంటుంది. చిప్ డిజైనర్లు దాన్ని లీకేజీ అంటారు, తిట్టుకుంటారు. కాలిఫోర్నియాలోని కాల్‌టెక్ ప్రొఫెసర్ కార్వర్ మీడ్ మాత్రం అందులో నరాల కణం పనితీరును చూశారు. ఏఐ చిప్‌ల మీద ఇంత హడావుడి నడుస్తున్న ఈ రోజుల్లో ఆయన పరిశోధనను ఒకసారి తిరగేయాలనిపించింది. ఆయన రెండో కలకు అడ్డుపడింది ఆయన మొదటి పనే కావడం అందులో నాకు అన్నిటికంటే ఆసక్తికరం.

1934లో పుట్టిన మీడ్, 1960లో కాల్‌టెక్‌లోనే పీహెచ్‌డీ చేశారు. ఆ రోజుల్లో పల్చటి పొరల గుండా ఎలక్ట్రాన్లు దూరిపోయే టన్నెలింగ్ మీద పనిచేసేవారు. ఆ టన్నెలింగ్ అడ్డొచ్చేలోపు ట్రాన్సిస్టర్‌ను ఎంత చిన్నది చేయొచ్చని, ఇంటెల్ వ్యవస్థాపకుల్లో ఒకరైన గోర్డన్ మూర్ ఆయన్ను అడిగారు. విద్యార్థి బ్రూస్ హోనైసెన్‌తో కలిసి లెక్క కట్టి 1972లో ప్రచురించారు. చిప్‌ల మీద గీతలు 10 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉన్న కాలంలో, ఒక మైక్రాన్ కంటే బాగా కిందికి వెళ్లినా ట్రాన్సిస్టర్ పనిచేస్తుందని తేలింది. చిప్‌లో పట్టే ట్రాన్సిస్టర్లు రెండేళ్లకోసారి దాదాపు రెట్టింపవుతాయన్న మూర్ అంచనాకు 'మూర్స్ లా' అన్న పేరు వాడుకలోకి తెచ్చిందీ మీడే అంటారు. 1980లో కంప్యూటర్ శాస్త్రవేత్త లిన్ కాన్వేతో కలిసి రాసిన పాఠ్యపుస్తకం చిప్ డిజైన్‌ను ఫ్యాక్టరీ నుంచి విడదీసింది. తయారీ ఎక్కడో తైవాన్‌లో జరుగుతుంటే హైదరాబాద్‌లో కూర్చుని వేలమంది డిజైన్ చేస్తున్నారంటే దాని వేళ్లు అక్కడున్నాయి. అమీర్‌పేటలో వీఎల్ఎస్ఐ (ఒకే చిప్‌లో లక్షల ట్రాన్సిస్టర్లు పేర్చే డిజైన్) కోర్సు బోర్డు కనబడితే నాకు కాన్వేనే గుర్తొస్తారు.

అంతటితో ఆగినా ఆయనకు పేరు మిగిలేది. 1980ల మొదట్లో భౌతికశాస్త్రవేత్తలు రిచర్డ్ ఫైన్‌మన్, జాన్ హాప్‌ఫీల్డ్‌లతో కలిసి కంప్యూటింగ్ వెనకున్న భౌతికశాస్త్రం మీద పాఠం చెప్పాక మీడ్ మళ్లీ ట్రాన్సిస్టర్ దగ్గరికే వచ్చారు, ఈసారి గ్రాఫులో ఆ హద్దుకు ఎడమ పక్కకి. అక్కడ గేటు వోల్టేజీ వోల్టులో పదో వంతు పెరిగితే చాలు, కరెంటు పదింతలవుతుంది. నరాల కణం పొరలోని ద్వారాలు కూడా వోల్టేజీకి దాదాపు ఇలాగే స్పందిస్తాయి. రెండు చోట్లా నడిచేది వేడికి అటూఇటూ కదిలే కణాల గణితమే. పైగా ఇక్కడ కూడికకు సర్క్యూటే అక్కర్లేదు. రెండు తీగలు కలిపి ముడేస్తే కరెంట్లు వాటంతటవే కూడతాయి. అదే పనికి డిజిటల్‌లో బోలెడు ట్రాన్సిస్టర్లు కావాలి.

ఈ ఆలోచనతో ఆయన విద్యార్థిని మీషా మహోవాల్డ్ సిలికాన్ రెటీనా, అంటే కంటి వెనక తెరలా పనిచేసే చిప్, తయారు చేశారు. అందులో ప్రతి చుక్క (పిక్సెల్) దగ్గర ఒక వెలుతురు సెన్సర్ ఉంటుంది. పక్క చుక్కలన్నీ రెసిస్టర్ల వలతో ముడిపడి, చుట్టుపక్కల సగటు ఎంతో చెబుతాయి. చుక్క బయటికి పంపేది తనకూ ఆ సగటుకూ ఉన్న తేడానే. తెల్ల గోడను చూపిస్తే చిప్ దాదాపు మౌనంగా ఉంటుంది. గోడ ముందు మనిషి నిలబడితే ఆ అంచు దగ్గర మాట్లాడుతుంది. కంప్యూటర్ లేదు, ప్రోగ్రాం లేదు. కన్ను చేసే పనిని సిలికాన్ తన గుణంతోనే చేసేసింది.

మరి ఎందుకు నిలబడలేదు? ఒకే చిప్‌లో పక్కపక్కనున్న ట్రాన్సిస్టర్లు కూడా అచ్చు ఒక్కలా ఉండవు. లీకేజీ ప్రాంతంలో ఆ చిన్న తేడాలే పెద్దవైపోతాయి. అది సగం కారణమే. ఇలా కరెంటు కొలతతోనే లెక్క చేసే అనలాగ్ చిప్ ఒకటి కష్టపడి తయారు చేసేలోపు డిజిటల్ వాళ్లకు రెట్టింపు ట్రాన్సిస్టర్లు చేతికొచ్చేవి. అంటే మీడ్ పేరు పెట్టి, సాధ్యమని లెక్క కట్టి చూపిన మూర్స్ లాయే ఆయన మెదడు చిప్‌ను తొక్కేసింది. 1986లో చిప్ డిజైనర్ ఫెడెరికో ఫాజిన్‌తో కలిసి న్యూరల్ సర్క్యూట్ల కోసం పెట్టిన సినాప్టిక్స్ కంపెనీ చివరికి బతికింది లాప్‌టాప్ టచ్‌ప్యాడ్ల మీద.

ఇప్పుడు ఆ మూర్స్ లాయే నీరసపడింది. ఎన్‌విడియా ఏఐ చిప్ హెచ్100 ఒక్కటే 700 వాట్ల దాకా లాగుతుంది. మన మెదడుకు 20 వాట్లు చాలు. చిప్ లాగే కరెంటులో పెద్ద వాటా లెక్కకు పోదు, మెమరీ నుంచి అంకెలు మోసుకు రావడానికి పోతుంది. జ్ఞాపకాన్ని ట్రాన్సిస్టర్ గేటులోనే ఛార్జ్‌గా దాచవచ్చని మీడ్ బృందం 1990లలోనే చూపించింది. ఇవాళ మెమరీలోనే లెక్క చేద్దామంటున్న స్టార్టప్‌లు తిరిగొస్తున్నది అక్కడికే. ఐబీఎం 2014లో తెచ్చిన ట్రూనార్త్ లాంటి 'న్యూరోమార్ఫిక్' (మెదడును అనుకరించే) చిప్‌లు చాలావరకు లోపల డిజిటలే. మీడ్ పుట్టించిన ఆ మాట తీసుకున్నారు, లీకేజీని వదిలేశారు.

మన దగ్గర సెమీకండక్టర్ మిషన్‌కు 2021లో 76,000 కోట్లు ప్రకటించారు. ఫ్యాబ్ (చిప్ తయారీ ఫ్యాక్టరీ) ఏ రాష్ట్రానికి, ఉద్యోగాలెన్ని అన్న గోలే వినబడుతోంది. పీహెచ్‌డీ అయిన పాతికేళ్లకు, అందరూ వదిలేసిన చుక్కల కరెంటును మళ్లీ కొలుస్తూ కూర్చునే ప్రొఫెసర్‌ను ఏ ఖాతాలో వేస్తారో నాకైతే అర్థం కాదు.

మీడ్‌కు 2022లో, 88 ఏళ్ల వయసులో, క్యోటో ప్రైజ్ వచ్చింది. వీఎల్ఎస్ఐ డిజైన్ సూత్రాలకని అందులో రాశారు.