ఆర్గంజాను అంత తేలిగ్గా కొట్టిపారేయకండి

"ఒళ్లున్నవాళ్లు ఆర్గంజా జోలికి పోవద్దు" అని ఒంటితీరుకు తగ్గ చీరల మీద వచ్చిన వ్యాసంలో ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆర్గంజా అంటే పల్చటి బిరుసు బట్ట, నిజమే. కానీ నేను ఒప్పుకోను. నా ఎత్తు అయిదడుగులు, నడుము కింద వెడల్పు ఎక్కువ. మొదటిసారి కట్టినప్పుడు కుచ్చిళ్లు గొడుగులా విచ్చుకుంటే, మా పిన్ని "లోపల ఇంకో చీర కట్టావా ఏమిటే?" అంది. తప్పు చీరది కాదు, లంగాది. గేరున్న కాటన్ లంగా, దాని మీద బిరుసు బట్ట... ఉబ్బక ఏం చేస్తుంది?

ఇప్పుడు ఫిష్‌కట్ లంగా, అంటే మోకాళ్ల దాకా ఒంటికి అతుక్కుని కింద మాత్రమే విచ్చుకునేది, వేస్తాను. ముందు రాత్రే కుచ్చిళ్లు పెట్టి, పైన పల్చటి నూలు గుడ్డ పరిచి తక్కువ వేడిలో ఇస్త్రీ చేస్తాను. సన్నవి ఎనిమిది కాదు, కాస్త వెడల్పుగా అయిదే. బొడ్డు కింద జానెడు దూరంలో లోపలివైపు ఒక పిన్ను. అంతే, అణిగి ఉంటాయి.

పొట్టివాళ్లకు పెద్ద అంచు వద్దన్నదీ సగమే నిజం. పొడవును కోసేసేది అంచు సైజు కంటే దాని రంగు. చీర రంగులోనే అంచున్న గద్వాల్ నేను ధైర్యంగా కడతాను. గద్వాల్ అంటే నూలు చీరకు పట్టు అంచు కదా, ఆ బరువుకు కుచ్చిళ్లు కిందికి చక్కగా జారతాయి.

బోట్ నెక్, అంటే ఈ భుజం నుంచి ఆ భుజం దాకా అడ్డంగా ఉండే జాకెట్టు మెడ, సన్నటి భుజాలవాళ్లకే నప్పుతుందని మాత్రం కరెక్టుగా రాశారు. నా భుజాలు సన్నం, నాకు నప్పింది. మోజుపడి కుట్టించుకున్న మా వదినవి వెడల్పాటి భుజాలు. పాపం, వారానికే మెడ లోతుగా కోయించుకుంది.